కప్పీత నేర్పిన అక్క

"కోచ్ అక్క పొద్దున పోయిందంట" అని రూతు మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గ్రూపు పేరు 'ఆదివారం ఈత'. నిమిషంలోపే పదిహేను జతల చేతులు దండం పెట్టినాయి. తొందరలో ఒకామె దండం బొమ్మ బదులు పుట్టినరోజు కేకు పెట్టింది, వెంటనే తీసేసింది, తీసేసినందుకు క్షమించమని మళ్ళీ ఒక మెసేజ్ పెట్టింది. అప్పుడు వైదేహి గారు అడిగారు: "సంతాపం రాద్దామనుకుంటున్నానండీ. అక్కగారి పేరేమిటి?"

మూడేళ్ళ పాటు ఆమె ముందర బోర్లా పడుకుని కాళ్ళు ఆడించినవాళ్ళం. ఆమెకి మా రక్తపోట్లు తెలుసు, మా అత్తల పేర్లు తెలుసు, మాలో ఎవరి చీలమండ ఎంత తిరుగుతుందో తెలుసు. మాకు ఆమె పేరు తెలీదు. సాయంత్రం వాళ్ళబ్బాయి పేరు పంపినాడు. చక్కటి పేరే. కానీ ఆ పేరు చదివితే నాకు ఎవరో ముక్కుపుడక పెట్టుకున్న నెమ్మదైన మనిషి గుర్తొచ్చింది గానీ అక్క రాలేదు. అందుకని అక్క అనే రాస్తాను.

నేను తిరుపతిలో సర్కారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నలభై ఎనిమిదో ఏట షుగరు బయటపడింది. నడవండి, లేదంటే ఈత కొట్టండి అన్నాడు డాక్టరు. నడిస్తే దారిలో ప్రతి పది అడుగులకీ ఒక పాత విద్యార్థి తల్లి నిలబెట్టి పిల్లాడి మార్కులు మాట్లాడుతుంది. నీళ్ళలో ఎవరూ నిలబెట్టరు గదా అని ఈతకొలను దారి పట్టినాను.

ఆ కొలనులో పొద్దునా సాయంత్రమూ మగవాళ్ళవి. తొమ్మిది గంటలు పిల్లలవి. ఎవరికీ అక్కర్లేని ఆదివారం పదకొండు గంటలు ఆడవాళ్ళకిచ్చారు. తిరుపతి ఎండలో పదకొండు గంటలకి గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడితే, ఈత రాకపోయినా నీళ్ళలోకి దూకబుద్ధవుతుంది. మాకు ధైర్యం నేర్పింది ఆ సిమెంటు గట్టేనని నేను అంటూ ఉంటాను.

అక్కని మొదటిసారి చూసింది ఆ గట్టు మీదనే. పొట్టి మనిషి, వెడల్పు మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చీర మీదనే ఎప్పటిదో ఆటలపోటీల టీషర్టు వేసుకుని ఉంది. మెడలో తాడుకి ఒక విజిలు, విజిలు పక్కన నాలుగు పిన్నీసులు. చేతిలో ఆమె కంటే రెండింతలు పొడవున్న వెదురు కర్ర. ఎడమకాలు రవ్వంత ఈడ్చి నడిచేది. అరవై దాటిన మనిషి, వయసనుకున్నాం.

ఆమె నా మొహం చూడలేదు. పాదాలు చూసింది.

"నడువు" అనింది.

నడిచినాను.

"ఇప్పుడు నా తట్టు రా."

వచ్చినాను.

"టీచరా నువ్వు?"

"ఎట్ల తెలిసింది?"

"రైలు పట్టాల మాదిరి నేరుగా పోతాయి నీ పాదాలు. బెంచీల నడిమధ్య తిరిగి తిరిగి అట్లయిపోయినాయి. చేతులు మార్చి కొట్టే ఈత రెండు నెలల్లో వచ్చేస్తాది నీకు. కప్పీత వచ్చేదానికి మాత్రం శానా దినాలు పడతాది సూడు."

నాకు లోపల నవ్వొచ్చింది. కప్పీతే అన్నిట్లోకీ సులభమని అందరూ చెప్పేవారు. తల నీళ్ళ పైకి వస్తూ ఉంటుంది, దారి కనిపిస్తుంది, ఆయాసం ఉండదు, పెద్దవాళ్ళకి అనువైనది. అదీగాక కప్పలకి ఎవరూ కోచింగ్ ఇవ్వరు. కప్పకి వచ్చేది ఎమ్మెస్సీ చదివిన నాకు రాదా?

మూడేళ్ళు పట్టింది.

అక్కకి లోకంలో మనుషులు రెండు రకాలు. పాదాలు బాతు మాదిరి బయటికి తిరిగి ఉండేవాళ్ళు, తిరగనివాళ్ళు. బస్టాండులో, కూరగాయల అంగట్లో, పెండ్లి పందిట్లో, ఎక్కడున్నా ఆమె కళ్ళు కిందనే ఉండేవి. ఒకసారి మా చెల్లెలి కూతురి పెండ్లికి చీరలు కావాలంటే, నాకు తెలిసినవాళ్ళున్నారని నగరికి పిలుచుకుపోయింది. నేతగాళ్ళ ఇల్లు. చీరలు పరిచినారు. ఇంతలో లోపలినుంచి డెబ్భై ఏళ్ళ ముసలామె మాకు మజ్జిగ తీసుకుని వచ్చింది. రెండు పాదాలూ తలుపు రెక్కల మాదిరి చెరో పక్కకి తెరుచుకుని ఉన్నాయి. అక్క చీరలు మరిచిపోయింది. మజ్జిగ చేతిలోనే ఉండిపోయింది.

"అవ్వా, ఈత నేర్చుకుంటావా?" అని అడిగింది.

ముసలామె నా వైపు చూసింది, ఈమెకేమైనా బాగాలేదా అన్నట్టు. "మోకాళ్ళు నొప్పులమ్మా. నీళ్ళు మోసేదే నిలిపేసినా, నీళ్ళల్లోకి యాడ పోదును?" అనింది.

తిరుగు రైల్లో చీరల సంగతి ఎత్తలేదు అక్క. కిటికీలోంచి చూస్తూ నిట్టూర్చింది. "ఏం పాదాలుమే అవి! యాభై ఏండ్లు మగ్గం గుంటలో పెట్టి దండగ చేసినారు."

ఆమె పాఠం నీళ్ళలో మొదలయ్యేది కాదు. గట్టు పక్కన నీడలో వరసగా సిమెంటు బెంచీలు ఉండేవి. వాటి మీద మమ్మల్ని బోర్లా పడుకోబెట్టేది. ఒకామె బ్యాంకు మేనేజరు, ఒకామె ఇద్దరు మనవళ్ళ అమ్మమ్మ, నేను, రూతు, వైదేహి గారు. రూతు ఆస్పత్రిలో హెడ్ నర్సు. వైదేహి గారి భర్తది గుళ్ళో కైంకర్యం. ఆవిడ ఇంటి దగ్గర ఒకసారి తలస్నానం చేసి వచ్చి, కొలనులో మునిగి, ఇంటికి పోయి మళ్ళీ తలస్నానం చేసేవారు. కొలనులో మునిగితే మడి పోయినట్టా, ఇంకా గట్టిపడినట్టా అన్నది ఆవిడకి చివరిదాకా తేలలేదు.

అక్క మా వెనకాల నిలబడి, మా పాదాలు ఒక్కొక్కటీ రెండు చేతులా పట్టుకుని, కుళాయి విప్పినట్టు బయటికి తిప్పేది. "మడుసు, తిప్పు, తన్ను, గమ్మునుండు. మడుసు, తిప్పు, తన్ను, గమ్మునుండు." మేము అరిచే అరుపులకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, ఇదేదో ఎముకల ఆస్పత్రి అనుకునేవారు.

ఆడవాళ్ళ సమయంలో సెక్యూరిటీ ఆయన కుర్చీ గోడ తట్టు తిప్పుకుని, గొడుగేసుకుని కూర్చోవాలని నిబంధన. పాపం ఆయన మూడేళ్ళు ఆ గోడనే చూసినాడు. కానీ చెవులకి నిబంధన లేదు. ఒకరోజు నేను నీళ్ళలో గబగబా కొట్టుకుంటూ ఉంటే, గోడ తట్టు నుంచే కేకేసినాడు: "మేడం, గమ్మునుండేది ఇడిసిపెట్టేస్తా ఉండారు!"

అదీ మా రోగం. ఇప్పుడు ఆలోచిస్తే, పెద్దవాళ్ళకి కప్పీత ఎందుకు రాదో అక్క ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కొక్క కారణం పట్టుకుని చూపించింది. చిన్నపిల్లల చీలమండ పచ్చి మట్టి. మాది కాలిన కుండ. నీళ్ళని అరికాళ్ళతో, పాదాల లోపలి పక్కతో వెనక్కి నెట్టాలి. నా పాదాలు తిరిగేవి కావు, వేళ్ళు నేరుగా వెనక్కే సాగేవి. దాంతో తన్నినప్పుడు పట్టు దొరికేది కాదు, కాళ్ళు మడిచినప్పుడల్లా వెనక్కి లాగేది. మొదటిసారి నీళ్ళలో తేలే పలక పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఐదు నిమిషాలు ప్రాణం పెట్టి తన్నినాను. అవతలి గట్టు వచ్చేసి ఉంటుందని కళ్ళు తెరిస్తే, బయల్దేరిన గట్టుకే నా మడమలు తగులుతున్నాయి.

అక్క వంగి చూసింది. "టీచరమ్మా, ఎనక్కి పోయేది నేర్చుకునేదానికి నా తావకి రావల్లనా?"

నేను బలాలు, ప్రతిబలాలు అని ఏదో మొదలుపెట్టినాను. ఆమె ఓపిగ్గా విని, "అదంతా నీళ్ళకి తెలుసుమే. నీ కాలికి తెల్దు" అనింది.

రూతుది ఇంకో బాధ. ఊపిరికి తల ఎత్తినప్పుడల్లా భుజాల దాకా పైకి లేచి, కొలనంతా ఒకసారి కలయజూసేది. తల అంత లేస్తే కాళ్ళు బరువెక్కి కిందికి దిగిపోతాయి. "ఏమే సిస్టరూ, డ్యూటీలో ఉండావా? అందురూ బతికే ఉండారు, నోరు వరకూ లేపు సాలు" అని కర్రతో నెత్తిన మెల్లగా తట్టేది.

వైదేహి గారికి మోకాళ్ళు ఎడం చేయడమే రాలేదు. కాళ్ళు రెండూ అతికించినట్టు ఉండేవి. మేమంతా నవ్వుతుంటే అక్క మాత్రం నవ్వలేదు. "నవ్వేదేముండాది? కాళ్ళు దగ్గిర పెట్టుకో, కాళ్ళు దగ్గిర పెట్టుకో అని యాభై ఏండ్లు చెప్పించుకున్న మనిషి. ఇప్పుడొచ్చి నేను ఎడం చెయ్యమంటే ఆ మోకాళ్ళు ఎవురి మాట ఇంటాయి?" అనింది.

అందరికీ కలిపి ఉన్న జబ్బు తొందర. చేతులు లాగాలి, ఊపిరి పీల్చాలి, తల దించాలి, కాళ్ళు తన్నాలి, ఆ తర్వాత ఏమీ చేయకుండా బాణంలాగా సాగిపోవాలి. ఆ ఏమీ చేయకుండా ఉండేది మాలో ఎవరికీ చేతకాలేదు. చేతులూ కాళ్ళూ ఒకేసారి ఆడించేవాళ్ళం. చేతులు ముందుకు తీసుకుపోయింది కాళ్ళు చెడగొట్టేవి. "ఏందిమే, స్టవ్ మింద పాలు పెట్టొచ్చినావా?" అని అరిచేది అక్క. "ఒగ చేత్తో కూర కలబెట్టి, ఒగ కాల్తో తలుపేసి, నోటితో పిల్లోళ్ళని తిట్టే ఒల్లు మీవి. ఒగ పని అయినాక ఇంకోటి చెయ్యమంటే ఒల్లు మొరాయిస్తాది."

ఇంత చెప్పే మనిషి ఒక్కరోజు కూడా నీళ్ళలో దిగలేదు. మూడేళ్ళలో ఆమె మడమ తడవగా మేము చూడలేదు. దిగి చూపించు అక్కా అంటే, "నాకు జలుబు" అనేది. నడివేసవిలోనూ జలుబే. అక్కకి ఈతే రాదేమో అన్న మాట మా బట్టలు మార్చుకునే గదిలో ఎప్పుడు పుట్టిందో తెలీదు గానీ, బాగా ఎదిగింది.

రూతు ఒకరోజు పరీక్ష పెట్టింది. లోతు తట్టుకి పోయి, చేతులు కొట్టుకుంటూ "అక్కా, అక్కా, మునిగిపోతా ఉండా!" అని కేకలేసింది. అక్క కుర్చీలోంచి లేవలేదు. కర్ర చాపింది. "పట్టుకోని రా. మునిగేటోళ్ళకి అరిసే తీరిక యాడుంటాది?" అని చెప్పి, చేతిలో ఉన్న ఉడకేసిన చెనక్కాయ వలుచుకుని తినింది.

తెలివైన మాటే. కానీ దిగలేదు గదా, అనుకున్నాం.

మూడో ఏడు చిత్తూరులో వయసు మళ్ళినవాళ్ళకి ఈతపోటీలు అని కాగితం వచ్చింది. అక్క నా పేరూ రూతు పేరూ నలభై ఐదు దాటిన ఆడవాళ్ళ కప్పీతకి రాయమని, ఫారాలు నా చేతికే ఇచ్చింది. టీచరు గదా, చేతిరాత బాగుంటుందని. స్టాఫ్ రూములో కూర్చుని మా రెండూ నింపినాను. ఇంకొక ఖాళీ ఫారం మిగిలింది. అరవై దాటిన ఆడవాళ్ళ విభాగం, కప్పీత, యాభై మీటర్లు. పేరు దగ్గర 'కోచ్ అక్క, తిరుపతి' అని రాసినాను.

తమాషాకే చేసినానని అప్పుడు రూతుకీ వైదేహి గారికీ చెప్పినాను. నిజం అది కాదు. ఈమెకి ఈత రాదని నలుగురిలో తేలిపోతే, మూడేళ్ళుగా నేను వెనక్కి పోవడం నా తప్పు కాకుండా పోతుంది. ఆ ఆశతో రాసినాను.

పోటీల రోజు నలుగురం చిత్తూరు బస్సెక్కినాం. వైదేహి గారు పోటీలో లేరు, పులిహోర డబ్బాతో మాకు తోడుగా వచ్చారు. దారి పొడుగునా అక్క నాకు మలుపు గురించే చెప్పింది. "గోడకి రెండు చేతులూ ఒగేసారి తగలల్ల. ఒగ చేయి తగిలితే లెక్కలేదు. తలుపు తోసినట్ల తొయ్యి. మర్చిపోవద్దు, పాలు లేవు, స్టవ్వు లేదు, ఇల్లు లేదు." ముందు సీటులో ఆయన వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూసినాడు.

నా పోటీలో నలుగురం. ఒకామె సగంలో తాడు పట్టుకుని ఆగిపోయింది. రూతు రెండోది. నేను మూడోదాన్ని, అంటే గట్టుకి చేరినవాళ్ళలో చివరిదాన్ని. కానీ ముందుకే పోయినాను. నా మూడేళ్ళ ఈతలో మొదటిసారి గమ్మునుండి, నీళ్ళు నన్ను మోసుకుపోతుంటే, రెండు చేతులతో గోడ తాకినాను. గట్టు మీద అక్క ఎగురుతూ ఉంది. సంతోషం పట్టలేక మెడలో విజిలు తీసి ఊదింది. తర్వాతి పోటీకి నిలబడిన ఆరుగురు మగవాళ్ళు అదే తమ విజిలనుకుని నీళ్ళలోకి దూకేశారు. వాళ్ళని మళ్ళీ పైకెక్కించేసరికి పది నిమిషాలు పట్టింది. నిర్వాహకులు వచ్చి అక్క విజిలు అడిగి తీసుకుపోయారు.

నా మెడలో కంచు పతకం వేశారు. అక్క దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "నీ కాల్లు తిరిగినాయిమే, రెండూ తిరిగినాయి, నేను సూసినా" అంటూ ఉంటే కళ్ళలో నీళ్ళు. సరిగ్గా అప్పుడు మైకులో వినిపించింది.

"అరవై పైబడిన మహిళలు, కప్పీత. నాలుగో లైను, కోచ్ అక్క గారు, తిరుపతి."

అక్క పతకం వదిలేసింది. మా ముగ్గురి మొహాలూ చూసింది. రూతూ వైదేహి గారూ నా మొహం చూశారు. ఇక దాచేదేముంది?

"నేనే రాసినాను అక్కా" అన్నాను. "వద్దులే, ఒంట్లో బాగలేదని చెప్పేస్తాను."

మైకు రెండోసారి పిలిచింది. గట్టు నిండా జనం. అక్క తిడుతుందని చూసినాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కొలను వైపు చూసింది, చాలాసేపు.

"నీ బట్టలు ఇయ్యి" అనింది.

బట్టలు మార్చుకునే గదిలోకి పోయి నా తడి ఈతబట్టలు విప్పి ఇచ్చినాను. నా కొలత వేరు, ఆమె కొలత వేరు. వైదేహి గారు జిప్పు పట్టుకుంటే రూతు రెండు పక్కలా అదిమింది. మూడో పిలుపుకి అక్క బయటికి వచ్చింది, టోపీ పెట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ. అరవై దాటినవాళ్ళ విభాగంలో ఇంకెవరూ లేరు. ఆమె ఒక్కతే. దూకలేదు. నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగింది.

విజిలు పడింది.

నేను అంతకుముందు ఎందరో ఈదగా చూసినాను. నీళ్ళలో ఒక మనిషి అంత తీరిగ్గా ఉండడం చూడలేదు. చేతులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తల నోటి దాకానే లేచింది, దిగింది. కాళ్ళు తన్నినాయి. ఆ తర్వాత ఏమీ లేదు. నీళ్ళ కింద పొడుగ్గా ఒక నీడ, దానంతటది జరుగుతూ ఉంది. ఇక ఆగిపోయింది అనుకునేసరికి మళ్ళీ చేతులు తెరుచుకునేవి. నా మెడలో పతకం బరువుగా అనిపించింది.

అయితే ఒకటి నాకూ కనిపించింది, ఆమె చెప్పిన చదువే గనక. కుడి పాదం చక్కగా బయటికి తిరుగుతోంది. ఎడమది తిరగడం లేదు. కత్తెర రెక్కలాగా నీళ్ళని అడ్డంగా కోస్తోంది. కప్పీతలో అది తప్పు. గట్టు మీద ఒక కుర్ర రిఫరీ చెయ్యెత్తినాడు.

అక్క రెండు చేతులతో గోడ తాకి, తల పైకెత్తి, మొదట అతన్నే చూసింది.

"ఎడమకాలు గదా?"

"అవునమ్మా."

"మొదట్నించీనా?"

"మొదట్నించీ."

"బాగా సూసినావు నాయనా. శానామంది కడాకు గానీ పట్టుకోరు."

ఒక్కతే పోటీ చేసి, ఆ ఒక్కతీ ఓడిపోయింది. ఎన్నడూ గొంతు పెంచని వైదేహి గారు చీర బిగించుకుని రిఫరీ మీదకి పోయారు. "ఉన్నదే ఆవిడొక్కరు కదండీ! మరి ఆ బంగారు పతకం ఎవరికిస్తారు? మీరు పట్టుకెళ్తారా ఇంటికి?"

"రూలు మేడం" అన్నాడతను, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

"వైదేహమ్మా, గమ్మునుండు. ఆ నాయన చెప్పింది కరెక్టు" అని నీళ్ళలోంచే అనింది అక్క.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుంది. నేను క్షమాపణ మాటలు లోపల పేర్చుకుంటూ ఉన్నాను. పూతలపట్టు కూడలిలో బస్సు ఆగినప్పుడు ఆమే కిటికీలోంచి చేయి చూపించింది.

"ఈడినించి లోపలికి పోతే మా ఊరు. మా మామిడితోట బాయిలో నేర్చుకున్నా. మా అన్నలు దూకేది చూసి దూకేదాన్ని. ఆడపిల్ల బాయిలో దిగితే చంపేస్తానని మా అమ్మ. పదకొండేండ్లప్పుడు మెట్టుకి తగిలి ఈ చీలమండ ఇరిగింది. చెప్పింటే పుత్తూరికి తీసకపోయి కట్టు కట్టించేవాళ్ళు, సరిపొయ్యేది. చెప్తే బాయి మాన్పిస్తారని చెప్పలా. కొట్టంలో జారినానని చెప్పి, పసుపు పూసుకోని తిరిగినా. అది దానిష్టమొచ్చినట్ల అతుక్కునింది. అప్పట్నించీ తిరగదు. వయసులో ఉన్నప్పుడు యాడ పోటీకి పోయినా చెయ్యెత్తేసేవాళ్ళు."

"అక్కా, నేను..."

"మూడేండ్లు నేను నీళ్ళల్లో దిగనిది దేనికనుకున్నారు?"

"ఈత రాదేమో అనుకున్నాం" అన్నాను.

ఆమె నవ్విన నవ్వుకి కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి చూసినాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "చెప్పింది ఎవురూ ఇనరుమే. సూసిందే చేస్తారు. నా కాలు సూస్తే అదే మీకూ అంటుకుంటాది. అందుకే దిగలా. పాదం ఎట్ల తిరగదో నా కాలికి తెలిసినంత ఎవురికీ తెల్దు. అందుకే మీకు చెప్పగలిగినా" అనింది.

నేను మెడలో పతకం తీసి ఆమె ఒళ్ళో పెట్టినాను. ఆమె తీసి నా చేతిలోనే పెట్టేసింది. "నాకెందుకు ఇది? మూడోది. నాకొస్తే మొదటిదే రావల్ల."

కాసేపటికి, కిటికీ వైపే చూస్తూ, "ఇరవై ఏండ్లయింది దిగి. బాగుండాది" అనింది.

ఆమె చెప్పినట్టే అయింది. మరుసటి ఆదివారం వైదేహి గారు నీళ్ళలో దిగి తన్నితే, ఎడమకాలు కత్తెర! అంతవరకూ మోకాళ్ళే తెరుచుకోని ఆవిడకి, ఒక్కసారి చూసిన కాలు అచ్చుగుద్దినట్టు వచ్చేసింది. "సూసినావా టీచరమ్మా, నువ్వు చేసిన పని!" అని అక్క కర్రతో గట్టుని బాదింది. ఆ కాలు మాన్పించడానికి ఆరు ఆదివారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ వైదేహి గారి పక్క బెంచీ మీద నన్ను కూడా పడుకోబెట్టింది, శిక్షగా.

కానీ ఒకటి మారింది. అక్క జలుబు తగ్గిపోయింది. పన్నెండుకి పది నిమిషాలు ముందు మమ్మల్ని నీళ్ళలోంచి లేపేసి, "పోండి, ఆ తట్టు తిరగండి" అనేది. మేము తడి బట్టలతో పోయి, సెక్యూరిటీ ఆయన పక్కన వరసగా, గోడ వైపు తిరిగి నిలబడేవాళ్ళం. బ్యాంకు మేనేజరు, అమ్మమ్మ, అందరం. వెనకాల అక్క దిగేది. తిరిగి చూస్తే ఒట్టు. నీళ్ళు చిన్నగా కదిలిన చప్పుడు, ఊపిరి చప్పుడు, ఆ తర్వాత ఎంతోసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. మళ్ళీ నీళ్ళు కదిలేవి. పైన ఎండ, ముందర సున్నం ఊడిన గోడ. సెక్యూరిటీ ఆయన ఒకసారి తనలో తాను అనుకున్నట్టు, "ఎంత నిమ్మళంగా పోతా ఉండాదో" అన్నాడు.

పోయిన ఏడాది గుండె జబ్బు వచ్చి అక్క రావడం మానేసింది. నేను చూడడానికి పోతే మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు తక్కువ తన్నులతోనే కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి పోతున్నానని చెప్పినాను. సంతోషిస్తుందనుకున్నాను.

"ఎన్నిసార్లు తన్నినావు?"

"ఇరవై రెండు."

"ఎక్కువ" అని కళ్ళు మూసుకుంది.

అంతే. తర్వాత రెండుసార్లు పోయినాను గానీ నిద్రపోతూ ఉండేది.

పదకొండో రోజు ముగ్గురం వాళ్ళింటికి పోయినాం. హాల్లో ఎదురుగా గోడకి పెద్ద ఫోటో, దండ, ముందర దీపం. ఫోటో చూసి నేనూ రూతూ నిలబడిపోయినాం. చిత్తూరు కొలనులో ఈదుతున్న అక్క! నెత్తిన టోపీ, నీళ్ళలోంచి కనిపిస్తూ భుజాల మీద నా నీలం ఈతబట్టలు, గడ్డం దాకా నీళ్ళు, నోరు బారెడు తెరిచి ఉంది. ఆ రోజు వైదేహి గారు ఫోనులో తీశారంట, మాకెవరికీ చెప్పలేదు. ఫోటో కావాలని అబ్బాయి అడిగితే, తన దగ్గర ఉన్నది అదొక్కటేనని భయపడుతూనే పంపారంట.

"ఆధార్ కార్డులోది ఉండాది మేడం" అన్నాడు అబ్బాయి. "అందులో అమ్మ ఎవురి మిందనో కోపంగా ఉండాది. ఇంటిల్లిపాదీ చూసినాం, ఇదే పెట్టల్లని అనుకున్నాం."

వచ్చినవాళ్ళు ఫోటోకి దండం పెట్టి, ఇంకోసారి తలెత్తి చూసి, ఏమీ అడగలేక పోయి కూర్చుంటున్నారు. ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామెకి మాత్రం అంత మొహమాటం లేదు. కర్ర ఊనుకుని ఫోటో కిందనే నిలబడి, నన్ను చేత్తో పిలిచింది.

"ఏమ్మా, నీళ్ళల్లో నోరు తెరుచుకోనుండాది. మునిగిపోతా ఉండాదా?"

"లేదు పెద్దమ్మా" అన్నాను. "ఊపిరి పీలుస్తా ఉండాది."

ముసలామె కళ్ళద్దాలు సరిచేసుకుని, ఇంకొంచెం దగ్గరికి పోయి, తీరిగ్గా చూసింది.

"ఔ" అనింది. "పీలుస్తా ఉండాది."